అమ్మకి నాలుగేళ్లుగా రోజూ వైసలోన్.. ఉబ్బసానికి కొత్త ఇంజెక్షన్లు వాడినవాళ్లు ఉన్నారా?

మున్నేరు_గట్టు

అమ్మకి 58. ఖమ్మంలో ఉంటుంది. ముప్పై ఏళ్ల దమ్ము. నాలుగేళ్ల నుంచి రోజూ వైసలోన్ అనే స్టెరాయిడ్ బిళ్ల, 10 ఎంజీ. తగ్గించి 5కి తెస్తే వారం తిరక్కుండానే పిల్లికూతలు మొదలు. పోయినేడు ఐదుసార్లు నెబ్యులైజర్ మీదే తెల్లారింది, రెండుసార్లు అడ్మిట్ చేశాం. మొహం గుండ్రంగా ఉబ్బింది, షుగర్ వచ్చింది, తలుపు గొళ్లెం తగిలినా చెయ్యి నల్లగా కమిలిపోతుంది. మొన్న సంక్రాంతికి ముగ్గు వేద్దామని కూర్చుంది. నాలుగు చుక్కలు పెట్టి లేచి గోడ పట్టుకుని నిలబడింది. సాయంత్రం దాకా వాకిట్లో ఆ నాలుగు చుక్కలే ఉన్నాయి.

హైదరాబాద్‌లో కొత్త డాక్టరు గారు బయోలాజిక్ ఇంజెక్షన్ (జీవకణాల్లో తయారుచేసే యాంటీబాడీ మందు) ఆలోచిద్దాం అన్నారు. మెపోలిజుమాబ్, బెన్రాలిజుమాబ్, డుపిలుమాబ్ అని మూడు పేర్లు రాసిచ్చారు. మామయ్యలేమో అవన్నీ వద్దు, మృగశిర కార్తెకి నాంపల్లి పోయి చేప మందు వేయిద్దాం అంటున్నారు. రేటు విన్నాక నాకూ కాళ్లు ఆడలేదు. ఇంట్లో ఎవరైనా వాడి ఉంటే చెప్పండి. నిజంగా పనిచేస్తాయా? మొదలుపెడితే జీవితాంతమా?

బెజవాడ_రాణి

వాడుతున్నాను. మెపోలిజుమాబ్, రెండేళ్లయింది, నాలుగు వారాలకొకటి. డ్యూటీలో ఉన్నా, రాత్రికి వివరంగా రాస్తా. ఈలోపు ఒక్క మాట: ఎవరేం చెప్పినా వైసలోన్ ఉన్నట్టుండి మాన్పించకండి. నాలుగేళ్లు బిళ్ల వేసుకున్న ఒంటికి సొంతంగా స్టెరాయిడ్ తయారుచేసుకోవడం మరపొచ్చి ఉంటుంది. ఠక్కున ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదకొస్తుంది.

పాత_నాంపల్లి

మా నాయిన మూడేండ్లు వరుసగ పోయిండు ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌కి. లైన్ల నిలవడుడు, ఫిషరీస్ కౌంటర్ల కొర్రమీను పిల్లను కొనుడు, బత్తినోళ్లు దాని నోట్లె పసుపుపచ్చ ముద్ద వెట్టి గొంతులకు జార్చుడు. తర్వాత 45 రోజులు పత్యం. పైస తీసుకోరు, ఆ మాట ఒప్పుకోవాలె. కానీ మొదటేడు నాయిన "మందు వడ్డది గద" అని ఇన్‌హేలర్ పక్కకు వెట్టిండు. శ్రావణంల ఐసీయూల ఉన్నడు. పోతే పోండ్రి, ఇన్‌హేలర్ మాత్రం జేబులకెల్లి తియ్యకుండ్రి.

కోటిపల్లి_రేవు

మా పెద్దమ్మకి చేప మందుతోనే తగ్గిందండీ. బెల్లంలో పెట్టి ఇచ్చారు, మేం శాకాహారులం. ఊరికే అంతమంది రారు కదా. కొట్టిపారేయడం భావ్యం కాదు.

ఛాతీ_డాక్టర్_విశాఖ

@కోటిపల్లి_రేవు మీ పెద్దమ్మగారికి తగ్గడం అబద్ధమని నేననను. ఉబ్బసం దానంతటదే కొన్నాళ్లు తగ్గి కొన్నాళ్లు పెరిగే జబ్బు. పైగా నమ్మకం, పత్యం, ఇంట్లోవాళ్ల శ్రద్ధ కూడా పనిచేస్తాయి. 2018లో డుపిలుమాబ్ మీద జరిగిన పరీక్షలో మందు లేని ఉత్తుత్తి సూది తీసుకున్నవాళ్లు కూడా స్టెరాయిడ్ బిళ్లని సగటున 42 శాతం తగ్గించుకోగలిగారు. అసలు మందు పొడిపించుకున్నవాళ్లు 70 శాతం తగ్గించారు. మందు బలం ఎంతో తెలియాలంటే ఆ 42ని తీసేసి చూడాలి. చేప మందుకి అలా పోల్చి చూసిన లెక్క లేదు, నా అభ్యంతరం అంతవరకే.

అసలు ప్రశ్నకి వస్తా. ఆ మూడు పేర్లలో ఏదో ఒకటి ఎంచుకునే ముందు అమ్మగారిది ఏ రకం ఉబ్బసమో తేలాలి. తేల్చడానికి పెద్ద ఖర్చేం లేదు. మామూలు సీబీపీ రక్త పరీక్షలో ఇసినోఫిల్స్ అనే తెల్లకణాల లెక్క ఉంటుంది. మైక్రోలీటరుకి 150 దాటితే ఈ మందుల దారి తెరుచుకున్నట్టే, 300 దాటితే ఇంకా ఆశ. దానికి తోడు రక్తంలో అలర్జీ తీవ్రత చూపే ఐజీఈ, వీలైతే ఊపిరిలో నైట్రిక్ ఆక్సైడ్ కొలిచే ఫీనో పరీక్ష.

చాలామంది బోల్తాపడేది ఇక్కడే. వైసలోన్ మింగుతుంటే ఇసినోఫిల్స్ అణగిపోతాయి. ఇవాళ పరీక్ష చేస్తే తక్కువ చూపిస్తుంది, "మీకు ఇంజెక్షన్ పనికిరాదు" అని పంపేస్తారు. స్టెరాయిడ్ మొదలుపెట్టకముందు పాత రిపోర్టు ఏదైనా ఉందేమో బీరువాలో వెతకండి. ఆ కాగితం ఇప్పుడు చాలా విలువైనది.

ఇంకోటి, మన ఊళ్లలో నులిపురుగుల వల్ల కూడా ఇసినోఫిల్స్ పెరుగుతాయి. సూది మొదలుపెట్టే ముందు మల పరీక్ష చేయించి, అవసరమైతే పురుగుల మందు వేయాలి.

మున్నేరు_గట్టు

డాక్టర్ గారూ చాలా థాంక్స్. అమ్మ పాత కాగితాలు పారేసే మనిషి కాదు, కరెంటు బిల్లులు కూడా దాస్తుంది. ఆదివారం వెళ్లి వెతుకుతా.

నల్లగొండ_పోరి

ఇంజక్షన్ సంగతి తర్వాత. ముందు మీ అమ్మ ఇన్‌హేలర్ ఎట్ల పీలుస్తున్నదో పక్కన గూసొని చూడన్నా. మా బాపు రెండేండ్లు రోటాక్యాప్ మందు పీల్చుతలేడు, గొట్టంలకు ఊదుతున్నడు! అంతకుముందు ఆర్నెల్లు క్యాప్స్యూల్‌ని నీళ్లతోని మింగిండు. మందు మొత్తం కడుపులకే వాయె. డాక్టర్లందరు డోస్ పెంచుకుంట పోయిన్రు, ఒక్కలు గూడ "పీల్చి చూపెట్టు" అని అడగలే.

బెజవాడ_రాణి

@నల్లగొండ_పోరి వంద శాతం. నాకు కూడా మొదటి ఆర్నెల్లు స్పేసర్ (ఇన్‌హేలర్‌కి తగిలించే గొట్టం లాంటి డబ్బా) ఇచ్చి, అది పట్టుకోవడం నేర్పాకే ఇంజెక్షన్ మాట ఎత్తారు. లోపలి గాలి పూర్తిగా వదలాలి, నొక్కి నిదానంగా లాగాలి, పది అంకెలు లెక్కపెట్టేదాకా బిగబట్టాలి, తర్వాత నోరు పుక్కిలించాలి. పుక్కిలించకపోతే నాలుక మీద తెల్లటి పూత కడుతుంది.

ఇప్పుడు నా కథ. పదిహేనేళ్ల ఉబ్బసం. నాకు ఏఈసీ, అంటే ఇసినోఫిల్స్ లెక్క, 640. మొదటి సూదికి ఏమీ తెలియలేదు. రెండోదానికీ అంతే, డబ్బులు పోయాయని ఏడ్చాను. మూడో నెలలో ఒకరోజు బెంజ్ సర్కిల్ దగ్గర బస్సు కదులుతుంటే పరుగెత్తి ఎక్కేశాను. ఎక్కాక గుర్తొచ్చింది, నేను పరుగెత్తి ఎన్నేళ్లయిందో. ఎనిమిదో నెలకి వైసలోన్ పూర్తిగా ఆగింది. ఇన్‌హేలర్ ఇప్పటికీ రోజూ వాడుతున్నా. ఈ ఏడాదిన్నరలో ఒక్కసారే జలుబు ఛాతీకి దిగింది.

ప్రాణాయామం_ప్రసాద్

ఇవన్నీ కంపెనీల వ్యాపారం. పేషెంటుని జీవితాంతం కట్టిపడేయడం. నేను ఇరవై ఏళ్లుగా అనులోమ విలోమం చేస్తున్నా, పఫ్ ముట్టలేదు.

ఛాతీ_డాక్టర్_విశాఖ

@ప్రాణాయామం_ప్రసాద్ మానకండి, మంచిదే. శ్వాస వ్యాయామాలతో ఆయాసం తగ్గుతుందని మేమూ చెప్తాం. కానీ మీది తేలికపాటి ఉబ్బసం అయివుండాలి. ఉబ్బసం ఉన్నవాళ్లలో నిజంగా తీవ్రమైన రకం నూటికి నలుగురి లోపే. ఇన్‌హేలర్ సరిగ్గా పీల్చినా, ఎక్కువ డోసు వాడినా అదుపు కానివాళ్లు. ఈ సూదులు వాళ్లకోసమే, మీకు నాకు కాదు. ఆ నలుగురికి "గాలి పీల్చడం నేర్చుకో" అని చెప్పడం అన్యాయం.

ప్రాణాయామం_ప్రసాద్

ఆ తేడా నాకు తెలియదు. సరే, ఆమెకి నయం కావాలనే కోరుకుంటున్నా.

లెస్టర్_నర్సమ్మ

మాది తెనాలి, పదేళ్లుగా ఇక్కడ ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఛాతీ వార్డులో పనిచేస్తున్నా. ఈ మెపోలిజుమాబ్ కథలో లెస్టర్‌కీ భాగం ఉంది, చెప్పకుండా ఉండలేను.

2000 తర్వాత మొదటి పరీక్షల్లో ఈ మందు తుస్సుమంది. ఇసినోఫిల్స్ తగ్గాయి గానీ మనుషులకి ఆయాసం తగ్గలేదు. చాలామంది దీన్ని వదిలేశారు. ఎందుకు పోయిందంటే ఉబ్బసం ఉన్నవాళ్లందరినీ ఒకే గాటన కట్టి ఇచ్చారు. తర్వాత రెండు బృందాలు ఎదురు ఆలోచన చేశాయి. కళ్లెని మైక్రోస్కోపు కింద చూసి, ఇసినోఫిల్స్ ఉన్నవాళ్లనే ఎంచుకుని ఇద్దాం అని. ఒకటి లెస్టర్ బృందం, 61 మంది. రెండోది కెనడా హామిల్టన్‌లో పరమేశ్వరన్ నాయర్ గారి బృందం, 20 మందే. 2009లో రెండు ఫలితాలూ ఒకే పత్రికలో అచ్చయ్యాయి. అటాకులు బాగా తగ్గాయి. మందు అదే, మనిషిని ఎంచుకునే తీరు మారింది. అమెరికాలో 2015లో అనుమతి వచ్చింది.

అందుకే డాక్టరు గారు "ఏ రకం" అని అంత గట్టిగా అడుగుతున్నారు. మా దగ్గర ప్రభుత్వ వైద్యం ఎన్‌హెచ్‌ఎస్‌లో ఉచితమే గానీ గీత గీసి ఇస్తారు. ఇసినోఫిల్స్ 300 ఉండాలి, ఏడాదిలో నాలుగు అటాకులైనా వచ్చి ఉండాలి, లేదా ఆర్నెల్లుగా స్టెరాయిడ్ బిళ్ల మీద ఉండాలి.

పావురాల_మేడ

ఒక హెచ్చరిక. నాది కూడా "తీవ్రమైన ఉబ్బసం" అనే అన్నారు మూడేళ్లు. దగ్గితే గోధుమరంగు ముక్కలు పడేవి, రబ్బరులా సాగేవి. ఎవరికీ చెప్పలేదు, అసహ్యం కదా అని. చివరికి ఒక డాక్టరమ్మ "కళ్లె ఏ రంగులో పడుతుంది" అని అడిగింది. ఐజీఈ చూస్తే వేలల్లో ఉంది. ఆస్పర్‌జిల్లస్ అనే బూజుకి అలర్జీ, ఏబీపీఏ అంటారట. ఫంగస్ మందు ఆర్నెల్లు వాడితే మనిషినయ్యాను. అమ్మగారిని ఈ ప్రశ్న అడగండి, సిగ్గుపడకుండా.

డల్లాస్_బాబాయ్

నేను డుపిలుమాబ్ మీద ఉన్నా. రెండు వారాలకోసారి తొడకి నేనే పొడుచుకుంటా. నాకు ఉబ్బసంతో పాటు ముక్కులో పాలిప్స్, అంటే కండ పెరగడం. రెండుసార్లు ఆపరేషన్ చేసినా మళ్లీ పెరిగాయి. ఆస్పిరిన్ పడదు. ఆరేళ్లు వాసన అనేదే తెలియదు. పాలు విరిగినా, గ్యాస్ లీకైనా మా ఆవిడ చెప్పాల్సిందే.

మూడో నెలలో ఒక శనివారం మేడ మీద ఉన్నా. కింద ఆవిడ పప్పుకి తాలింపు వేసింది. ఇంగువ, వెల్లుల్లి, కరివేపాకు, వరసాగ్గా ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. మెట్ల మీదే కూర్చుండిపోయా. ఆవిడ గరిటె పట్టుకుని వచ్చి "ఏమైందండీ, ఆయాసమా" అంటే మాట రాలేదు.

@మున్నేరు_గట్టు అమ్మగారికి ముక్కు దిబ్బడ, వాసన పోవడం ఉన్నాయా? ఉంటే మూడింట్లో దీనివైపు మొగ్గుతారు.

పాత_నాంపల్లి

బాబాయ్, మీ కథ చదివి నేను పోయి పోపుడబ్బా మూత తీసి వాసన జూసిన.

క్లెయిమ్_కిరణ్

రేటు గురించి నేను చెప్తా, ఇన్సూరెన్స్ క్లెయిముల్లో పనిచేస్తా. "సూది వేయించుకుని ఇంటికెళ్లిపోయారు, అడ్మిషన్ లేదు, డబ్బులివ్వం" అని తిప్పి పంపడం మామూలు. వెంటనే వదిలేయకండి. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో ఆధునిక చికిత్సల జాబితా ఒకటి ఇచ్చింది, పన్నెండు ఉన్నాయి, ఆరోగ్య బీమా వాటిని పూర్తిగా మినహాయించకూడదు. అందులో "ఇంజెక్షన్‌గా ఇచ్చే మోనోక్లోనల్ యాంటీబాడీ" ఉంది. ఈ మూడు మందులూ అవే. పాలసీలో దానికి ఎంతవరకు పరిమితి పెట్టారో ఆ పేజీ తెరిచి చూసుకోండి, కొందరు సగానికి కోస్తారు. డేకేర్ (అదే రోజు ఇంటికి పంపే చికిత్స) కింద ముందస్తు అనుమతి అడిగి, డాక్టరు ఉత్తరంలో అటాకుల సంఖ్య, స్టెరాయిడ్ డోసు, ఇసినోఫిల్ లెక్క మూడూ రాయించండి.

ఇంకోటి. 2025 ఫిబ్రవరి బడ్జెట్‌లో 36 మందులకి కస్టమ్స్ సుంకం పూర్తిగా ఎత్తేశారు. క్యాన్సర్ మందుల మధ్యలో మెపోలిజుమాబ్ పేరు కూడా ఉంది. ఆస్పత్రి ఫార్మసీలో ఇప్పటి రేటు, పేషెంట్ సహాయ పథకం ఏదైనా ఉందా అని రెండూ అడగండి.

మున్నేరు_గట్టు

@క్లెయిమ్_కిరణ్ అన్నా, పాలసీ తీసి చూశా. 31వ పేజీలో ఉంది. మా ఏజెంటుకే తెలియదు!

ముక్కు: అమ్మకి వాసన బాగానే తెలుస్తుంది, పక్కింట్లో చేపలు వేయిస్తే పేరుతో సహా చెప్తుంది. కళ్లె తెల్లగానే పడుతుందట.

ల్యాబ్_కోటు

హైదరాబాద్‌లో ఔషధ పరిశోధనలో ఉన్నా. రాబోయేవి ఏమున్నాయో కొంచెం రాస్తా, ఎందుకంటే "జీవితాంతం నెలనెలా పొడిపించుకోవాలా" అన్న ప్రశ్నకి జవాబు మారుతోంది.

మెపోలిజుమాబ్ నెలకొకటి. బెన్రాలిజుమాబ్ మొదటి మూడూ నెలకొకటి, ఆపైన ఎనిమిది వారాలకొకటి. ఇప్పుడు డెపెమోకిమాబ్ అని వచ్చింది, ఆర్నెల్లకొకటి, ఏడాదికి రెండే సూదులు. 2024లో వచ్చిన రెండు పరీక్షల్లో కలిపి చూస్తే అటాకులు 54 శాతం తగ్గాయి. 2025 డిసెంబర్‌లో అమెరికా అనుమతి వచ్చింది.

ఇసినోఫిల్స్ తక్కువ ఉన్నవాళ్లకి కూడా కొంత పనిచేసేది టెజెపెలుమాబ్. దుమ్మూ వైరసూ తగిలినప్పుడు ఊపిరి గొట్టాల పైపొర వేసే మొదటి కేక లాంటి టీఎస్‌ఎల్‌పీ అనే సంకేతాన్నే ఇది ఆపుతుంది. 2021 చివర్లో అనుమతించారు.

బిళ్ల రూపంలో కూడా ప్రయత్నాలు నడుస్తున్నాయి. డెక్స్‌ప్రామిపెక్సోల్ అని ఒకటుంది. దాన్ని ఏఎల్‌ఎస్ అనే నరాల జబ్బుకి వాడి చూశారు, పనిచేయలేదు. కానీ రక్త పరీక్షల్లో ఇసినోఫిల్స్ అమాంతం పడిపోవడం ఎవరో గమనించారు. ఇప్పుడు ఉబ్బసం మీద పెద్ద పరీక్షల్లో ఉంది.

లెస్టర్_నర్సమ్మ

@ల్యాబ్_కోటు అబ్రా పరీక్ష మర్చిపోయారు. నాకు అన్నిటికన్నా ఆశ పుట్టించింది అదే. లండన్, ఆక్స్‌ఫర్డ్ వాళ్లు 2024లో చెప్పారు, 158 మంది మీద. అటాక్ వచ్చినప్పుడే ఒక గుంపుకి స్టెరాయిడ్ బిళ్లల బదులు, ఇంకో గుంపుకి బిళ్లలతో కలిపి బెన్రాలిజుమాబ్ సూది ఇచ్చి చూశారు. 90 రోజుల్లో మళ్లీ ఇబ్బంది పడినవాళ్లు బిళ్లల గుంపులో 74 శాతం, సూది గుంపుల్లో 45 శాతం. అటాక్ వైద్యం యాభై ఏళ్లుగా స్టెరాయిడ్ దగ్గరే ఆగిపోయింది కదా. ఇంకా పెద్ద పరీక్షలు కావాలి, రేపే క్యాజువాలిటీలో ఇవ్వరు.

గరికపాడు_చెక్‌పోస్ట్

ఐదు రోజుల స్టెరాయిడ్ కోర్సుకి ఇంత భయం ఎందుకండీ? మాకు ఆర్‌ఎంపీ ఎప్పుడూ ఇస్తాడు, గంటలో లేచి కూర్చుంటాం.

ఛాతీ_డాక్టర్_విశాఖ

@గరికపాడు_చెక్‌పోస్ట్ లేచి కూర్చోబెట్టేదే అది, అటాక్ రోజున మానవద్దు. కానీ లెక్క వేయండి. రోజుకి 40 ఎంజీ చొప్పున ఐదు రోజులంటే 200. ఏడాదికి అలాంటివి ఐదైతే ఒక గ్రాము. జీవితం మొత్తంలో అర గ్రాము, గ్రాము దాటినప్పటి నుంచే షుగర్, ఎముకల గుల్ల, కంటి శుక్లాల ముప్పు పెరుగుతుందని తేలింది. @మున్నేరు_గట్టు వాళ్ల అమ్మగారు నాలుగేళ్లలో రోజువారీ బిళ్లలతోనే 14 గ్రాములు దాటారు. ఇంజెక్షన్ రేటు పక్కన ఈ ఖర్చు కూడా రాసి చూడాలి.

మున్నేరు_గట్టు

దొరికింది. ఖమ్మం ఇంట్లో బీరువా అడుగున, పెళ్లి పత్రికల కింద. 2019 రిపోర్టు, వైసలోన్ మొదలవకముందుది. తెల్లకణాలు 8,200, ఇసినోఫిల్స్ 9 శాతం. అంటే 738. మొన్న చేయించిన దాంట్లో 90.

అమ్మ ఇన్‌హేలర్ పీల్చేది కూడా చూశా @నల్లగొండ_పోరి చెల్లీ. నొక్కిన తర్వాత ఒక క్షణం ఆగి పీలుస్తోంది, అప్పటికే సగం మందు నోట్లోంచి పొగలా బయటికొస్తోంది. స్పేసర్ కొన్నాం.

ఛాతీ_డాక్టర్_విశాఖ

738! ఆ కాగితం లామినేట్ చేయించకండి, అక్షరాలు చెరిగిపోతాయి. ఫొటో తీసి మీ డాక్టరుకి చూపండి. రోజూ బిళ్ల వాడేవాళ్లలో బెన్రాలిజుమాబ్ మీద 598 మందితో ఒక అధ్యయనం ఉంది, అందులో 63 శాతం మంది రోజువారీ స్టెరాయిడ్ పూర్తిగా మానేయగలిగారు. అందులోనే మొదటిసారి పరీక్షించినప్పుడు అరవై శాతం మందిలో ఒంటి సొంత స్టెరాయిడ్ తయారుచేసే అడ్రినల్ గ్రంథి మందకొడిగా ఉందని కూడా తేలింది. అందుకే పొద్దుటి కార్టిసాల్ (ఆ సొంత స్టెరాయిడ్) పరీక్ష చూసుకుంటూ నెలలు పట్టి తగ్గించాలి. నాలుగు నెలలు వాడి చూడండి, మార్పు లేకపోతే మందు మార్చాలి. పనిచేస్తే కొనసాగించాలి, ఆపితే చాలామందికి అటాకులు తిరిగొస్తాయి. స్పేసర్ ఒక్కదానితోనే సగం తేడా కనిపించినా ఆశ్చర్యం లేదు, అది కూడా గమనించండి.

కోటిపల్లి_రేవు

అమ్మగారు త్వరగా కోలుకోవాలి. నాంపల్లి వెళ్లినా వెళ్లకపోయినా.

మున్నేరు_గట్టు

ఆర్నెల్లకి అప్‌డేట్. స్పేసర్‌తో రెండు నెలలు చూశారు. రాత్రి దగ్గు తగ్గింది గానీ వైసలోన్ 7.5 కిందికి దిగలేదు. నులిపురుగుల పరీక్ష అయ్యాక బెన్రాలిజుమాబ్ మొదలుపెట్టారు. ఇన్సూరెన్స్ మొదట కాదంది, ఆ 31వ పేజీ, 2019 జాబితా జతచేసి మళ్లీ పంపితే సగం ఇచ్చారు. మిగతా సగం నేనూ అక్కా పంచుకున్నాం. మూడు సూదులు పూర్తి. వైసలోన్ ఇప్పుడు 2.5. ఈ నాలుగు నెలల్లో అడ్మిషన్ లేదు. మృగశిరకి మామయ్యలు నాంపల్లి తీసుకెళ్లారు, నేను వద్దనలేదు, ఇన్‌హేలర్ చీర కొంగున కట్టుకుని వెళ్లొచ్చింది.

తర్వాతి సూది ఖమ్మంలోనే, తెలిసిన నర్సు వేస్తుంది. మందు మాత్రం హైదరాబాద్ నుంచి నేనే తేవాలి, బస్సులో ఐదు గంటలు. చల్లగా ఎట్లా తేవాలి @బెజవాడ_రాణి అక్కా?

బెజవాడ_రాణి

ఫ్రిజ్‌లో ఉండాల్సింది 2 నుంచి 8 డిగ్రీల మధ్య. కూరగాయల అరలోనో మధ్య అరలోనో, డీప్ ఫ్రీజర్‌లో మాత్రం వద్దు. ఫార్మసీలో థర్మాకోల్ డబ్బా, జెల్ ప్యాక్‌లు అడుగు, ఇస్తారు. సూది పెట్టెని జెల్ ప్యాక్‌కి నేరుగా ఆనించకు, గడ్డకడితే మందు పాడు. మధ్యలో పలచటి తువ్వాలు చుట్టు. డబ్బా ఒళ్లో పెట్టుకో, బస్సు డిక్కీలో వేయకు, ఇంజిన్ వేడి. వేసే ముందు అరగంట బయట పెడితే మంట తక్కువ.

అమ్మని అడిగానని చెప్పు.